ఫ్రాంజ్ జోసెఫ్ గ్లేసియర్ మీద హెలీ హైక్: అరవై దాటిన అమ్మని, తొమ్మిదేళ్ళ పాపని తీసుకెళ్ళొచ్చా?

గోదావరి_పిల్ల | ఫిబ్రవరి 11

అందరికీ నమస్తే. మేము న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటాం. అమ్మ వచ్చే నెల రాజమండ్రి నుంచి వస్తోంది. ఏప్రిల్ స్కూలు సెలవుల్లో సౌత్ ఐలండ్ చూపిద్దామని అనుకుంటున్నాం. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, కారు అద్దెకి తీసుకుని, వెస్ట్ కోస్ట్ మీదుగా క్వీన్స్‌టౌన్ వెళ్ళాలని ఆలోచన. దారిలో ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర హెలికాప్టర్‌లో తీసుకెళ్ళి హిమానీనదం మీద దించి, గైడుతో నడిపిస్తారు కదా, అది చెయ్యాలని మా పాప రెండేళ్ళుగా అడుగుతోంది. స్కూల్లో గ్లేసియర్ల మీద ప్రాజెక్టు చేసినప్పటి నుంచీ దానికి అదే ధ్యాస.

నా టెన్షన్ అంతా అమ్మ గురించే. వయసు 63. బీపీ మాత్ర వేసుకుంటుంది, అదుపులోనే ఉంది. మోకాళ్ళు మాత్రం అప్పుడప్పుడు పట్టేస్తాయి. మంచు మీద అంతసేపు నడవగలదా? ఆవిడేమో "నన్ను హోటల్లో కూర్చోబెట్టి మీరు ముగ్గురూ వెళ్తారా" అంటోంది. మనిషికి 700 డాలర్లు దాటుతోంది. నలుగురికీ అంటే మాకు చిన్న మొత్తం కాదు. ఫ్రాంజ్ జోసెఫ్‌లో ఒక రాత్రి ఉండేలా ప్లాన్ వేశాను. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

రమ్య

కివీ_కోనసీమ | ఫిబ్రవరి 11

రమ్య గారూ, అమ్మగారి సంగతి తర్వాత. ముందు ఆ ఒక్క రాత్రి ప్లాన్ మార్చండి. కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి.

నేను క్రైస్ట్‌చర్చ్‌లో 14 ఏళ్ళుగా ఉంటున్నాను. హెలీ హైక్ కోసమని మూడుసార్లు వెళ్ళాను. మంచు మీద కాలు పెట్టింది ఒక్కసారే. మిగతా రెండుసార్లూ వానే. ఫ్రాంజ్ జోసెఫ్ ఊళ్ళో ఏడాదికి 5 మీటర్ల పైన వాన పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపినా మీటరు లోపే కదా, దాంతో పోల్చి చూడండి. టాస్మన్ సముద్రం మీంచి వచ్చే తడిగాలి నేరుగా సదరన్ ఆల్ప్స్ పర్వతాలని గుద్దుకుని పైకి లేస్తుంది, అక్కడే కురిసేస్తుంది. కింద వాన, పైన మంచు. ఆ పైన పడ్డ మంచే పేరుకుని, గట్టిపడి, గ్లేసియర్‌గా కిందికి జారుతుంది. వానకి విసుక్కుంటాం గానీ, ఆ వానే లేకపోతే చూడ్డానికి గ్లేసియరే లేదు.

ఇంకో విషయం. ఊళ్ళో నిలబడి చూస్తే ఆకాశం నీలంగా ఉంటుంది, పైన మంచు మీద మబ్బు కూర్చుని ఉంటుంది. మొదటిసారి మాకు అలాగే అయింది. పొద్దున్నే ఎండ చూసి పిల్లలు గంతులు వేశారు, ఆఫీసుకి వెళ్ళేసరికి రద్దు అన్నారు.

కాబట్టి చేరిన మర్నాడు పొద్దున తొలి ట్రిప్పుకే బుక్ చేసుకోండి. అది పోతే మధ్యాహ్నం, అదీ పోతే మర్నాడు అడగొచ్చు. చివరి రోజుకి పెట్టుకుంటే అది పోయాక మీ చేతిలో ఇంకేమీ ఉండదు.

శేషు_నెల్లూరు | ఫిబ్రవరి 12

మేము కూడా ఇండియా నుంచి ఏప్రిల్లోనే వస్తున్నాం, అందుకని ఇక్కడే అడుగుతున్నాను. అక్కడ ఒకసారి హెలికాప్టర్ కూలింది కదా? మా ఆవిడ ఆ వార్త చదివి వద్దంటే వద్దంటోంది. ఎంతవరకు భద్రం? ఎవరైనా దాచకుండా చెప్పండి.

వరంగల్_వేణు | ఫిబ్రవరి 12

శేషు అన్నా, నిజమే. 2015 నవంబరులో, ఫ్రాంజ్ జోసెఫ్ పక్కనే ఉన్న ఫాక్స్ గ్లేసియర్ మీద హెలికాప్టర్ కూలి పైలట్‌తో సహా ఏడుగురు చనిపోయారు. ఆ రోజు అక్కడి వాతావరణం అలాంటి ప్రయాణానికి తగినట్టు లేదని దర్యాప్తులో తేలింది. వదిన భయపడటంలో తప్పేమీ లేదు. ఆమెకి నచ్చకపోతే బలవంతం చెయ్యకండి.

నేను సిడ్నీలో ఉంటాను. ఫాక్స్ గ్లేసియర్ మీద హెలీ హైక్ జూన్ నెలలో చేశాను. నేను చూసింది చెప్తాను. మా మొదటి ట్రిప్పు సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చేసింది. పైలట్ లోయలోకి తిరిగాడు, ఎదురుగా తెల్లటి గోడలాగా మబ్బు కనపడింది, రెండు మాటలు రేడియోలో మాట్లాడి అక్కడే తిప్పేశాడు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. మా గుంపులో ఒకాయన కిందికి దిగాక గొడవ పెట్టుకున్నాడు, అంత దూరం నుంచి వచ్చాం అని. నాకు మాత్రం ఆ పైలట్ మీద అప్పుడే నమ్మకం కుదిరింది. మర్నాడు వెళ్ళాం, ఎండ బ్రహ్మాండంగా ఉంది. చలికాలంలో అక్కడ తేటగా ఉండే రోజులు ఎక్కువని స్థానికులు అన్నారు. వసంతకాలం, అంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, వాన బాగా ఎక్కువట.

భద్రత అంటే హెలికాప్టర్ ఒక్కటే కాదు. 2009 జనవరిలో ఫాక్స్ గ్లేసియర్ ముఖం, అంటే దాని కింది చివర దగ్గర ఇద్దరు అన్నదమ్ములు తాడు దాటి దగ్గరికి వెళ్ళారు. పైనుంచి మంచు కూలి ఇద్దరూ పోయారు. మెల్‌బోర్న్ కుర్రాళ్ళు. గైడు లేకుండా గ్లేసియర్ దగ్గరికి వెళ్ళడం, ఫొటో కోసం కంచె దాటడం, ఈ రెండూ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ట్రెక్కర్_ప్రసాద్ | ఫిబ్రవరి 12

ఒక సందేహం. నేను గంగోత్రి నుంచి గోముఖ్ దాకా నడిచాను, 18 కిలోమీటర్లు. హిమానీనదం ముఖం దగ్గరికి కాళ్ళ మీదే వెళ్ళాం. అక్కడ 4,000 మీటర్ల ఎత్తు, ఊపిరి అందదు. ఫ్రాంజ్ జోసెఫ్ అయితే 300 మీటర్ల ఎత్తులోనే మొదలవుతుందని చదివాను. అంత కిందికి దిగి వచ్చిన గ్లేసియర్‌కి హెలికాప్టర్ ఎందుకు? నడిచి వెళ్ళకూడదా?

మంచుకొండ | ఫిబ్రవరి 13

ప్రసాద్ గారూ, ఒకప్పుడు నడిచే వెళ్ళేవారు. నేను డునెడిన్‌లో భూగోళశాస్త్రం చదివేటప్పుడు, 2010లో, మా బ్యాచ్ అంతా లోయలో నదీగర్భం మీద నడిచి, గైడుతో నేరుగా మంచు మీదికి ఎక్కాం. హెలికాప్టర్ ఊసే లేదు. ఫ్రాంజ్ జోసెఫ్‌లో అది 2012లో ఆగిపోయింది. ఫాక్స్‌లో 2014లో ఆగిపోయింది.

కారణం మంచు కరిగి వెనక్కి పోవడమే. కానీ అది "కొంచెం దూరం ఎక్కువ నడవాలి" అన్నంత తేలికైన విషయం కాదు. గ్లేసియర్ ఉన్నంతకాలం అటూ ఇటూ ఉన్న కొండ గోడలకి అదే ఆనుడు. మంచు పలచబడగానే ఆ గోడల రాళ్ళు సడలి పడుతుంటాయి. ముఖం దగ్గర మంచు కింద గుల్లయి పెద్ద పెద్ద ముక్కలుగా కూలుతుంది. ఆ దారిన జనాన్ని నడిపించడం ఇక కుదరదని ఆపేశారు. ఫాక్స్ వైపైతే 2019లో కొండచరియలు, వరద కలిసి లోయలోకి వెళ్ళే రోడ్డునే తినేశాయి. మళ్ళీ వెయ్యలేదు. అదే ఏడాది మార్చిలో ఫ్రాంజ్ జోసెఫ్ పక్కన వైహో నది మీద వంతెన కొట్టుకుపోయింది. దాన్ని మాత్రం మూడు వారాల లోపే మళ్ళీ నిలబెట్టారు, ఎందుకంటే ఆ తీరమంతటికీ ఉన్నది ఆ ఒక్క హైవేనే.

ఈ గ్లేసియర్ మామూలుది కాదండీ. చాలా వేగంగా కదులుతుంది. 1943లో పైన మంచు మైదానంలో ఒక చిన్న విమానం కూలింది. దాని శకలాలు ఆరున్నర ఏళ్ళలో మూడున్నర కిలోమీటర్లు కిందికి వచ్చి ముఖం దగ్గర తేలాయి. అంటే సగటున రోజుకి మీటరున్నర. పైన మంచు బాగా పడితే కొన్నేళ్ళలోనే ముందుకు వస్తుంది, తగ్గితే అంతే త్వరగా వెనక్కి పోతుంది. 1983 నుంచి 2008 దాకా మొత్తం మీద ముందుకే వచ్చింది. ఆ తర్వాత వెనకడుగు ఆగలేదు.

ఊళ్ళో చిన్న చర్చి ఉంది, 1931లో కట్టారు. దాని వేదిక వెనక అద్దాల కిటికీలోంచి ఎదురుగా గ్లేసియర్ కనపడేది. 1946లో దాని మీద తపాలా బిళ్ళ కూడా వేశారు. ఇప్పుడు ఆ కిటికీలోంచి అడవి, కొండ కనపడతాయి. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ బల్ల మీద పది నిమిషాలు కూర్చుని వస్తాను.

పద్మజ_వెల్లింగ్టన్ | ఫిబ్రవరి 13

మంచుకొండ గారు చెప్పింది చదివాక అడగకుండా ఉండలేకపోతున్నాను. కరిగిపోతున్న మంచు చూడ్డానికి ఇంధనం కాల్చుకుంటూ హెలికాప్టర్‌లో వెళ్ళడం సబబేనా? నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. మేము ఆ ఊరి దాకా వెళ్ళి, ఈ కారణంగానే ఎక్కకుండా వచ్చేశాం. రాబర్ట్స్ పాయింట్ ట్రాక్ నడిచాం. వేలాడే వంతెనలు, తడి రాళ్ళు, అయిదారు గంటల నడక. పైనుంచి గ్లేసియర్ ఎదురుగా కనపడింది. మాకు అది చాలనిపించింది.

మంచుకొండ | ఫిబ్రవరి 14

పద్మజ గారూ, ఈ ప్రశ్న నన్నూ వదలదు. సూటిగా చెప్పాలంటే, హెలికాప్టర్ వల్ల కాలుష్యం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది. ఈ ఒక్క గ్లేసియర్ కరగడానికి ఆ నాలుగైదు హెలికాప్టర్లే కారణం అన్నా అదీ నిజం కాదు. ప్రపంచం మొత్తం వేడెక్కుతున్న దాని ఫలితం అది.

1977 నుంచి ఇక్కడి శాస్త్రవేత్తలు ప్రతి వేసవి చివర్లో చిన్న విమానంలో సదరన్ ఆల్ప్స్ మీద తిరుగుతూ, మంచు రేఖ ఎంత ఎత్తుకి పోయిందో ఫొటోలు తీస్తున్నారు. ఆ కొలతలు కావాలన్నా విమానం ఎక్కక తప్పలేదు. మీరు నడిచి చూసిన తీరు నాకు బాగా నచ్చింది. రమ్య గారి పాప మంచు మీద నిలబడి చూడాలని కోరుకోవడంలోనూ నాకు తప్పు కనపడటం లేదు. ఎవరి మనసుకి తగ్గట్టు వాళ్ళు నిర్ణయించుకోవాల్సిందే.

తులసికోట | ఫిబ్రవరి 14

రమ్యా, నేను హామిల్టన్‌లో ఉంటానమ్మా. మా అబ్బాయితో కలిసి నా 58వ ఏట ఈ హెలీ హైక్ చేశాను. అమ్మ గురించి నువ్వు అడిగినదానికి ఇక్కడ ఎవరూ జవాబివ్వలేదు, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

మొత్తం నాలుగు గంటల పని. అందులో గంట పైన బరువు తూచడం, బట్టలు బూట్లు ఇవ్వడం, జాగ్రత్తలు చెప్పడం. గాల్లో అయిదు నిమిషాలే. మంచు మీద రెండున్నర, మూడు గంటలు. ఆ సేపంతా కూర్చోవడానికి చోటు దొరకదు. బాత్రూమ్ ఉండదు, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఎక్కే ముందే వెళ్ళి రావాలి. మన వయసువాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

బూటు కింద క్రాంపాన్లు కడతారు, ఇనుప ముళ్ళ చట్రాలు. మొదటి పది నిమిషాలు భయం వేస్తుంది. తర్వాత తెలుస్తుంది, జారకుండా మనల్ని పట్టుకునేది ఆ ముళ్ళేనని. పాదం మొత్తం ఒకేసారి గట్టిగా మోపాలి. రోట్లో పిండి దంచినట్టు, అంత బలంగా. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నడవాలి, లేకపోతే ఒక కాలి ముళ్ళు రెండో కాలి ప్యాంటుకి తగులుకుంటాయి. ఎక్కడం కంటే దిగడం కష్టం. దిగేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువంతా పాదాల మీద వేసి దిగమంటారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి దెబ్బ పడేది అక్కడే.

మీ అమ్మ ఈ మధ్య అలిపిరి మెట్లు ఎక్కిందా? 3,550 మెట్లూ ఎక్కి, మర్నాడు మామూలుగా తిరగగలిగితే ఈ నడక చెయ్యగలదు. ఎక్కడమే కాదు, ఏదైనా కొండ మెట్లు దిగేటప్పుడు ఎలా ఉందో అడుగు. దిగడానికి పక్కన గోడో, మనిషి చెయ్యో కావాల్సి వస్తే మాత్రం ఇది వద్దు. మధ్యలో నావల్ల కాదు అంటే అక్కడి నుంచి దింపడానికి హెలికాప్టరే రావాలి, గుంపు మొత్తం ఆగాలి.

దానికి బదులు స్నో ల్యాండింగ్ అని ఉంటుంది. హెలికాప్టర్‌లో పైన మంచు మైదానం దాకా తీసుకెళ్ళి, దించి, పది నిమిషాలు ఉంచి తీసుకొస్తారు. ధర కూడా హైక్ కంటే బాగా తక్కువ. మంచు మీద నిలబడుతుంది, చేత్తో పట్టుకుంటుంది, చుట్టూ శిఖరాలు చూస్తుంది. మా వియ్యపురాలు 70 ఏళ్ళావిడ, అదే చేసింది.

బట్టల సంగతి: చీర కుదరదు. జీన్స్ కూడా కుదరదు, తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. ఉన్ని లోపలి బట్టలు, సాగే ప్యాంటు. మిగతా జాకెట్, పై ప్యాంటు, బూట్లు, సాక్సులు వాళ్ళే ఇస్తారు. అమ్మకి ముందే చెప్పి, ఇంట్లో రెండు మూడు రోజులు ప్యాంటు అలవాటు చెయ్యి.

గోదావరి_పిల్ల | ఫిబ్రవరి 15

తులసికోట ఆంటీ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మీ పోస్టు అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. మెట్లు దిగే మాట వచ్చేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అంది, "అన్నవరంలో కిందటిసారి రైలింగ్ పట్టుకునే దిగాను" అని. నేను వద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు. స్నో ల్యాండింగ్‌కి ఒప్పుకుంది. మా ఆయన అమ్మతో పాటు దానికి వెళ్తారు, నేనూ పాపా హైక్‌కి వెళ్తాం. మేము చూసిన కంపెనీ ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళని తీసుకుంటోంది. ఖర్చు కూడా కాస్త తగ్గింది.

మూడు రాత్రులకి మార్చేశాను. క్వీన్స్‌టౌన్‌లో ఒక రోజు తగ్గించాను.

శేషు_నెల్లూరు | ఫిబ్రవరి 16

బుకింగ్ గురించి నాకు ఇప్పుడే జరిగింది చెప్తాను. తక్కువ ధర అని ఒక బుకింగ్ సైట్‌లో డబ్బు కట్టాను. మా ఆవిడ వద్దన్నాక రద్దు చేద్దామంటే రెండు వారాలుగా సమాధానం లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే "మీరు మా దగ్గర బుక్ చెయ్యలేదు, వాళ్ళనే అడగండి" అన్నారు. దయచేసి నేరుగా నడిపే కంపెనీ దగ్గరే బుక్ చేసుకోండి.

కివీ_కోనసీమ | ఫిబ్రవరి 16

శేషు గారూ, అయ్యో. వాతావరణం వల్ల వాళ్ళు రద్దు చేస్తే నేరుగా కట్టినవాళ్ళకి డబ్బు తిరిగి వచ్చేస్తుంది, మాకు రెండుసార్లూ అలాగే వచ్చింది. మనంతట మనం మానుకుంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో నిబంధన ఉంటుంది, కట్టే ముందే చదువుకోండి.

మీ ఆవిడకి హెలికాప్టర్ ఇష్టం లేకపోతే ఆల్ప్స్‌కి తూర్పున, మౌంట్ కుక్ ఊరి దగ్గర టాస్మన్ గ్లేసియర్ ఉంది. దేశంలో అన్నింటికంటే పొడవైనది. దాని కింద కరిగిన నీళ్ళతో పెద్ద సరస్సు ఏర్పడింది, ఆ సరస్సులో పడవ మీద మంచుగడ్డల మధ్య తిప్పుతారు. కొండకి ఆ వైపు వాన తక్కువ. అర్ధగంట నడిస్తే సరస్సు కనపడే గట్టు మీదికి చేరొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

రమ్య గారూ, ఇండియా నుంచి వచ్చే అమ్మగారికి ప్రయాణ బీమా తీసుకోండి. ఇక్కడ ప్రమాదంలో దెబ్బ తగిలితే విదేశీ సందర్శకులకి కూడా ఏసీసీ, అంటే ఇక్కడి ప్రభుత్వ ప్రమాద బీమా సంస్థ, వైద్యం ఖర్చు చూస్తుంది. జబ్బు చేస్తే మాత్రం చూడదు. ఈ రెండింటికీ తేడా తెలియక మావాళ్ళు ఒకరు ఇబ్బంది పడ్డారు.

గోదావరి_పిల్ల | ఏప్రిల్ 17

ఫ్రాంజ్ జోసెఫ్ నుంచి రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం చేరాం. ఇవాళ పొద్దున ట్రిప్పు రద్దు. వాన అంటే వాన కాదు, గోదావరికి వరదొచ్చినప్పుడు పుష్కరాల రేవు దగ్గర వినపడే హోరులా ఉంది. పాప ఏడ్చింది. అమ్మ పులిహోర కలిపింది. మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇస్తే మంచుకొండ గారు చెప్పిన చర్చికి వెళ్ళాం. కిటికీలోంచి ఉత్త మబ్బే కనపడింది.

కివీ_కోనసీమ గారూ, మూడు రాత్రులు పెట్టమన్నందుకు మీకు దండం.

వరంగల్_వేణు | ఏప్రిల్ 17

చెల్లెమ్మా, వాన వెలిశాక కారు దగ్గర కియా పక్షులు కనపడితే జాగ్రత్త. ఆకుపచ్చగా ముద్దుగా ఉంటాయి గానీ కారు రబ్బరు పీకేస్తాయి. తిండి పెట్టకండి. ఫాక్స్ వైపు వెళ్తే మాథిసన్ సరస్సు తెల్లారగట్ల చూడండి, గాలి లేకపోతే మౌంట్ కుక్ శిఖరం తలకిందులుగా నీళ్ళలో కనపడుతుంది.

గోదావరి_పిల్ల | ఏప్రిల్ 21

క్వీన్స్‌టౌన్ చేరాం. రెండూ అయ్యాయి! వరసగా చెప్తాను.

రెండో రోజు పొద్దున కూడా హైక్ రద్దయింది. కానీ మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వచ్చింది, మబ్బు విడిపోయింది, స్నో ల్యాండింగ్‌కి వెంటనే రాగలరా అని. అమ్మ అన్నం తింటోంది, చెయ్యి కడుక్కుని అలాగే బయల్దేరింది. అల్లుడితో పాటు ఎక్కింది. మా ఆయన చెప్పినదాన్ని బట్టి, ఎక్కినప్పటి నుంచి కళ్ళు మూసుకుని గోవింద గోవింద అంటూనే ఉందట. పైన దిగాక కళ్ళు తెరిచింది. చుట్టూ తెలుపు, దూరంగా సముద్రం. వంగి రెండు చేతుల్తో మంచు తీసుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత నాలుక మీద వేసుకుంది. "ఉప్పు లేదు" అందట. ఎందుకలా అన్నావని రాత్రి అడిగితే, పాప కార్లో చెప్పిన కథ మనసులో ఉందంది.

ఆ కథ ఇది. ఇక్కడి మూలవాసులు మావోరీలు ఈ గ్లేసియర్‌ని కా రోయిమాటా ఓ హినే హుకాటెరే అంటారు, హినే హుకాటెరే కన్నీళ్ళు అని అర్థం. ఆ అమ్మాయికి కొండలెక్కడం ఇష్టం. ప్రేమించినవాడు తువావే కూడా తనతో వచ్చాడు. హిమపాతం వాణ్ణి లాక్కుపోయింది. ఆమె కార్చిన కన్నీళ్ళు గడ్డకట్టి గ్లేసియర్ అయ్యాయి. పక్కనున్న ఫాక్స్ గ్లేసియర్ తువావే పడుకున్న చోటట. ఫ్రాంజ్ జోసెఫ్ అన్నది ఆస్ట్రియా చక్రవర్తి పేరు, 1865లో హాస్ట్ అనే ఆయన దీనికి పెట్టాడు. మా పాపకి మాత్రం మొదటి పేరే నోటికొచ్చు.

మూడో రోజు పొద్దున మా హైక్. తేటగా తెల్లారింది. బరువులు తూచి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాళ్ళే నిర్ణయించారు. పాప పైలట్ పక్కన సీటు రాలేదని మొదట ముఖం ముడుచుకుంది. పైకి లేచాక అదేమీ గుర్తులేదు. అడవి, రాళ్ళ లోయ, నది, ఒక్కసారిగా మంచు. పగుళ్ళు చూస్తే ఎండిన చెరువు అడుగులా ఉన్నాయి, నీలం రంగులో.

మమ్మల్ని దించి హెలికాప్టర్ వెళ్ళిపోయాక ఒక నిశ్శబ్దం వచ్చింది. అది ఎలా చెప్పాలో తెలియట్లేదు. కాసేపటికి మంచు కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు వినపడటం మొదలైంది, తర్వాత మూడు గంటలూ అది ఆగలేదు.

గైడు ముందు నడుస్తూ మంచుగొడ్డలితో ఠక్ ఠక్‌మని మెట్లు కొడుతూ పోయింది. అవును, అమ్మాయే, పాతికేళ్ళుంటాయేమో. ఆ మెట్లు రోజూ కొట్టాల్సిందేనట, నిన్న కొట్టినవి ఇవాళ కరిగిపోతాయి. ఒకచోట నీలం రంగు సొరంగం ఉంది. పాప లోపలికి వెళ్దామంటే గైడు ముందు తను వెళ్ళి, పైకప్పు తట్టి చూసి, వెనక్కి వచ్చింది. రెండు రోజుల కిందట బాగానే ఉంది, వానకి కప్పు పలచబడింది, ఇక దీంట్లోకి ఎవరినీ తీసుకెళ్ళను అంది. ఇంకో సందులోంచి తీసుకెళ్ళింది. నేను పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాల్సి వచ్చింది. రెండు వైపులా మంచు గోడ చెంపలకి తగులుతోంది. నీలం ఎందుకని పాప అడిగితే గైడు వివరంగా చెప్పింది. మంచు నొక్కుకుని నొక్కుకుని లోపలి గాలి బుడగలు పోయాక, వెలుగులోని ఎరుపుని ఆ గడ్డ తాగేస్తుంది, నీలం బయటికి వస్తుంది.

పాప ఇంకో ప్రశ్న అడిగింది. "నేను పెద్దయ్యాక ఇక్కడికి వస్తే ఇది ఉంటుందా?" గైడు వెంటనే జవాబివ్వలేదు. దూరంగా కొండ గోడ మీద ఒక గీత చూపించింది. కింద ఉత్త రాయి, పైన పచ్చటి చెట్లు. "నువ్వు పుట్టే నాటికి మంచు ఇప్పటికంటే చాలా పైకి ఉండేది" అని మాత్రం చెప్పింది. పాప ఆ గీత ఫొటో తీసుకుంది. ట్రిప్పు మొత్తంలో అది తీసిన ఫొటో అదొక్కటే.

తులసికోట ఆంటీ, మీరు రాసినట్టే దిగేటప్పుడు నా మోకాళ్ళే వణికాయి, నాకింకా 36. అమ్మని తీసుకురాకపోవడం మంచిదైంది.

తులసికోట | ఏప్రిల్ 21

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి రమ్యా. అమ్మకి ఆరోగ్యం ఎలా ఉంది? కాళ్ళ నొప్పులేమైనా వచ్చాయా?

శేషు_నెల్లూరు | ఏప్రిల్ 22

రమ్య గారూ, మీరు రాసింది మా ఆవిడ రెండుసార్లు చదివింది. హైక్ వద్దు గానీ మీ అమ్మగారు చేసినట్టు స్నో ల్యాండింగ్ చేస్తానంటోంది! వచ్చే సోమవారం ఫ్రాంజ్ జోసెఫ్ చేరుతున్నాం, నాలుగు రాత్రులు పెట్టాం, ఈసారి నేరుగా కంపెనీలోనే బుక్ చేశాను. స్నో ల్యాండింగ్‌కి కూడా బూట్లు, బట్టలు వాళ్ళే ఇస్తారా? మా అమ్మ కూడా మాతోనే ఉంది, చీర తప్ప కట్టదు.

గోదావరి_పిల్ల | ఏప్రిల్ 22

ఆంటీ, అమ్మ బాగుంది. నొప్పులేమీ లేవు. రాజమండ్రిలో అందరికీ వీడియో కాల్ చేసి చెప్తోంది.

శేషు గారూ, మేము వెళ్ళిన చోట స్నో ల్యాండింగ్‌కి బట్టలేమీ ఇవ్వలేదు, మన బట్టలతోనే ఎక్కాలి. మీరు వెళ్ళే చోట ఒకసారి కనుక్కోండి. పట్టు ఉన్న బూట్లు, వెచ్చటి జాకెట్, చలువ కళ్ళద్దాలు ఉండాలి. మంచు మీద ఎండకి కళ్ళు తెరవలేం. చీర గురించి అమ్మనే అడిగి రాస్తున్నాను. తను లోపల ఉన్ని ప్యాంటు, పైన పంజాబీ డ్రెస్ వేసుకుంది. చున్నీ, శాలువా లాంటివి వద్దు, రెక్కల గాలికి ఎగిరిపోతాయని ఎక్కే ముందే తీయించారట. మీ అమ్మగారు తలకి ఏదైనా కావాలంటే చెవులు మూసే ఉన్ని టోపీ, అది కూడా గడ్డం కింద కట్టుకునేది తీసుకోండి. ఊళ్ళో చిన్న కొట్టులో దొరుకుతుంది, కానీ ఖరీదు ఎక్కువ, క్రైస్ట్‌చర్చ్‌లోనే కొనేసుకోండి.